చిల్లర ఖర్చుకు యూపీఐ లైట్ ఏ మేరకు అడ్డుకట్ట వేస్తుంది?

యూపీఐ లైట్‌ను 2022 సెప్టెంబరులో ప్రారంభించినప్పుడు జనం చేత ఖర్చు తగ్గింపజేయాలన్న ఆలోచన అందులో ఏ కోశానా లేదు. రోజూ కోట్ల సంఖ్యలో జరిగే చిన్న చిన్న చెల్లింపుల భారం బ్యాంకుల సర్వర్ల మీద పడకుండా, ఫోనులోనే కొంత నిల్వ ఉంచి, అందులోంచి పిన్ అడగకుండా తక్షణమే చెల్లించే ఏర్పాటుగా నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దీన్ని రూపొందించింది. చెల్లింపును మరింత సులువు చేయడమే దాని లక్ష్యం. అయినా హనుమకొండలోని మా ఇంట్లో దీన్ని ఆ లక్ష్యానికి ఎదురుగా, అనవసరపు ఖర్చుకు హద్దు గీసే సాధనంగా, చాలాకాలంగా వాడుతున్నాం. అందుకే ఆ ఒక్క కోణంలోనే దీని మంచిచెడ్డలు రాస్తున్నాను. వేగం గురించో, సర్వర్ల గురించో తెలుసుకోవాలనుకునేవారికి ఈ సమీక్ష అంతగా ఉపయోగపడదు.

దీని పరిమితులు మొదట్లో చాలా చిన్నవి. ఒక్కో చెల్లింపు 200 రూపాయలు మించకూడదు, మొత్తం నిల్వ 2,000 రూపాయలు దాటకూడదు. 2023 ఆగస్టులో చెల్లింపు పరిమితిని 500 రూపాయలకు పెంచారు. 2024 డిసెంబరులో మరోసారి పెంచడంతో అది 1,000 రూపాయలకు, నిల్వ పరిమితి 5,000 రూపాయలకు చేరింది. వాడేవారి నుంచి రుసుమేమీ తీసుకోరు. అలాగని నిల్వ మీద వడ్డీ కూడా ఇవ్వరు. డబ్బు నింపేటప్పుడు పిన్ కొట్టాలి, ఖర్చు చేసేటప్పుడు అక్కరలేదు. పొదుపు దృష్టితో చూసేవారికి ఈ లక్షణమే కీలకమైనది, ఎందుకంటే ఎంత ఖర్చు పెట్టాలన్న నిర్ణయం దుకాణం ముందు నిలబడి, వస్తువును కళ్లతో చూస్తూ తీసుకునేది కాకుండా, ఇంట్లో నింపాదిగా కూర్చుని వారానికొకసారి తీసుకునేదిగా మారుతుంది.

మా పద్ధతి చాలా సాదాసీదా అయినది. ఆదివారం సాయంత్రం, రాబోయే వారానికి చిల్లర ఖర్చు ఎంత కావచ్చునో మావారూ నేనూ అనుకుని, ఎవరి ఫోనులో వారు అంతే మొత్తం నింపుకుంటాం. కూరగాయలు, పాలు, పండ్లు, ఆటో కిరాయి, చాయ్, సాయంత్రం పూట మిర్చి బజ్జీలు, పిల్లల చిరుతిళ్లు ఇందులోకి వస్తాయి. ఇంటి అద్దె, కరెంటు బిల్లు, గ్యాసు, ఫీజులు రావు, ఎందుకంటే అవి మనసు మార్చుకుంటే తగ్గే ఖర్చులు కావు. ఆ వారం నిల్వ అయిపోయాక దుకాణంలో కోడ్ స్కాన్ చేస్తే ఏమవుతుందన్నది ఇక్కడ అసలు విషయం. చెల్లింపు ఆగిపోదు. యాప్ నేరుగా బ్యాంకు ఖాతా వైపు మళ్లి పిన్ అడుగుతుంది. అంటే యూపీఐ లైట్ మనల్ని ఆపదు, వారానికి అనుకున్న డబ్బు అయిపోయిందని మాత్రం చెబుతుంది.

ఆ మాత్రం చెప్పడం కూడా చిన్న సంగతేమీ కాదని వాడుతున్నకొద్దీ అర్థమైంది. అంతకుముందు ప్రతి చాయ్‌కీ, ప్రతి కొత్తిమీర కట్టకూ పిన్ కొట్టి కొట్టి, ఆ అంకెలు వేళ్లకు అలవాటైపోయి, పిన్ అడగడమంటే ఆలోచించుకొమ్మని అడగడమన్న స్పృహే పోయింది. లైట్ వాడడం మొదలుపెట్టాక పిన్ అడిగే తెర అరుదుగా కనిపిస్తుంది, కాబట్టి కనిపించినప్పుడు దానికొక అర్థం ఉంటుంది. అనుకున్న హద్దు దాటుతున్నామన్నదే ఆ అర్థం. కుమార్‌పల్లి మార్కెట్లో కూరగాయల తరువాత కంటికి నచ్చిన ప్లాస్టిక్ డబ్బాల సెట్టో, పూల కుండీయో చేతిలోకి తీసుకుని, పిన్ తెర చూసి తిరిగి పెట్టేసిన సందర్భాలు మా ఇంట్లో ఇద్దరికీ ఉన్నాయి. అదే వస్తువు నిజంగా అవసరమైతే పిన్ కొట్టి కొన్న సందర్భాలూ ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు.

ఇదంతా పనిచేయాలంటే ఆటో టాప్-అప్ అనే సౌకర్యాన్ని ఆపేసి ఉంచడం తప్పనిసరి. 2024 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన ఈ సౌకర్యం ప్రకారం, నిల్వ మనం నిర్ణయించిన అంకె కన్నా తగ్గిన వెంటనే బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే మళ్లీ నిండుతుంది. సౌకర్యం కోసం వాడేవారికి ఇది వరం. పొదుపు కోసం వాడేవారికి మాత్రం దీనివల్ల లైట్ వాడడంలో ఉన్న ప్రయోజనమంతా పోతుంది, ఎందుకంటే నిల్వ ఎప్పటికీ అయిపోదు, పిన్ తెర ఎప్పటికీ కనిపించదు. కొన్ని యాప్‌లు లైట్‌ను తెరిచేటప్పుడే ఈ సౌకర్యాన్ని ముందుకు తెచ్చి, ఒప్పుకునే బటన్‌ను పెద్దగా, వద్దనే బటన్‌ను లేతరంగులో చూపిస్తాయి. తొందరలో నొక్కినవారు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అనుమతిని రద్దు చేసుకోవచ్చు.

ఇక దీని లోపాల విషయానికి వస్తే, మొదటిది దాని పుట్టుకలోనే ఉంది. డబ్బు చేతి నుంచి పోతున్నదన్న బాధ ఎంత తక్కువగా తెలిస్తే ఖర్చు అంత ఎక్కువవుతుందన్నది కొత్త మాట కాదు. అమెరికాలోని ఎంఐటీకి చెందిన ఆచార్యులు డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ ఆట టికెట్లకు ఎంబీఏ విద్యార్థుల చేత వేలం పాడించారు. నగదు చెల్లించాలని చెప్పినవారి కన్నా క్రెడిట్ కార్డుతో చెల్లించాలని చెప్పినవారు సగటున దాదాపు రెట్టింపు పాడారు. టికెట్లు అవే, ఆట అదే. మారినది చెల్లించే తీరు మాత్రమే. పిన్ కూడా అడగని యూపీఐ లైట్ ఆ దారిలో ఇంకొక అడుగు ముందుకు వేసినట్లే. అందుకే వారం మొదటి రెండు మూడు రోజుల్లో, నిల్వ నిండుగా ఉన్నప్పుడు, చెయ్యి కొంచెం ధారాళంగానే ఉంటుంది. బండి దగ్గర చెల్లింపు కాగానే అక్కడి పెట్టె "ఇరవై రూపాయలు అందాయి" అని వీధంతా వినపడేలా చెబుతుంది గానీ, అది దుకాణదారు నిశ్చింత కోసం చెప్పే మాట; ఇంకా ఎంత మిగిలిందో మన చెవిలో చెప్పే పెట్టె ఏదీ లేదు. వారానికి సరిపడా ఒకేసారి కాకుండా మూడు రోజులకొకసారి నింపుకుంటే ఈ లోపం కొంత తగ్గుతుంది. వెయ్యి రూపాయల నిల్వ ఉన్న ఫోనుతో బజారుకు వెళ్లే మనిషికీ, ఐదు వేల నిల్వ ఉన్న ఫోనుతో వెళ్లే మనిషికీ నడకలోనే తేడా ఉంటుంది. పరిమితి పెంచారు కదా అని అంతా నింపుకోవాల్సిన పని లేదు.

రెండవ లోపం లెక్కలకు సంబంధించినది. లైట్ ద్వారా చేసిన చెల్లింపులు బ్యాంకు పాసుపుస్తకంలో విడివిడిగా కనిపించవు. లైట్‌లోకి డబ్బు వేసిన మొత్తం ఒకే పద్దుగా కనిపిస్తుంది. వందల పద్దులతో పాసుపుస్తకం నిండిపోవడం లేదని సంతోషించేవారు ఉండవచ్చు గానీ, నెలాఖరుకు కూర్చుని దేనికెంత పోయిందో చూసుకునే అలవాటున్నవారికి ఇది ఇబ్బందే. వివరాలు యాప్‌లోని చరిత్రలో ఉంటాయి, అయితే అక్కడ కనిపించేవి దుకాణదారుల పేర్లే తప్ప కొన్న వస్తువుల పేర్లు కావు. ఫలానా వ్యక్తికి 140 రూపాయలు అన్న పద్దు చూసి అది టమాటాలకో, సర్వపిండికో, పూలకో ఎవరికి గుర్తుంటుంది? చెల్లించేటప్పుడు యాప్‌లో ఒక మాట రాసే వీలుంది గానీ, బండి దగ్గర వెనుక నలుగురు నిలబడి ఉండగా రాసేవారు తక్కువ. చివరకు మేము వంటింట్లో వేలాడే క్యాలెండరు గళ్లలోనే పెన్సిలుతో రాసుకుంటున్నాం. ఆ విషయంలో యూపీఐ లైట్‌కు నేనైతే సగం మార్కులు కూడా వేయను.

మూడవది లైట్ లోపం కాదు, మన బజారు తీరు. కిరాణం సేటుకు పాత పరిచయం ఉన్న ఇంటివాళ్లయితే, నిల్వ అయిపోయిందని చెప్పి ఏదైనా పక్కన పెట్టబోతే, "పైసలు రేపియ్యిరి అక్కా, ఖాతల రాసుకుంట" అంటాడు. ఆయన మర్యాద అది. ఫోనులో ఎన్ని హద్దులు పెట్టుకున్నా ఉద్దెర పుస్తకానికి అవేవీ వర్తించవు. బియ్యం వంటి నెలసరి సరుకులకు తప్ప ఉద్దెర వాడకూడదని ఇంట్లో ఒక మాట అనుకోకపోతే, యూపీఐ లైట్ లెక్కలన్నీ కాగితం మీదే మిగులుతాయి.

లైట్ అయిపోయాక వెనుక నిలబడే బ్యాంకు ఖాతా ఏది అన్నదానిపైనే ఈ ఏర్పాటు గట్టితనం ఆధారపడి ఉంటుంది. జీతమో పింఛనో పడే ఖాతానే యూపీఐకి జోడిస్తే, పిన్ తెర దాటిన తరువాత ఇక అడ్డు లేదు. యూపీఐ సాధారణ పరిమితి రోజుకు లక్ష రూపాయలు కదా. అందుచేత జీతం ఖాతాను యూపీఐ నుంచి తొలగించి, వేరే పొదుపు ఖాతాను జోడించి, అందులోకి నెల మొదట్లో ఇంటి ఖర్చు మేరకే డబ్బు వేసుకోవడం మేలు. కనీస నిల్వ బెడద లేని ఖాతాలు కావాలనుకుంటే ప్రాథమిక పొదుపు ఖాతా అన్ని బ్యాంకుల్లోనూ దొరుకుతుంది, కాకపోతే అది తెరిచినవారికి అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదన్న నిబంధన ఉంది. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే పొదుపు ఖాతాలన్నిటికీ కనీస నిల్వ షరతు ఎత్తేసింది. ఈ రెండో ఖాతా జోడించిన తరువాతే మా ఇంట్లో యూపీఐ లైట్ నిజంగా అడ్డుకట్టగా మారింది; అంతకుముందు అది హెచ్చరిక మాత్రమే.

పెద్ద కొనుగోళ్ల దగ్గర మాత్రం దీనికి పాత్ర లేదు. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా, ఆ వెంటనే దసరాకు, వరంగల్ జేపీఎన్ రోడ్డులోని బట్టల దుకాణాల్లో అడుగుపెడితే ఏ బిల్లూ వెయ్యి రూపాయల లోపు ఉండదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కావడం ఎంతో మేలు చేసిందనడంలో సందేహం లేదు. ఉద్యోగానికి, ఆసుపత్రికి, చదువుకు పోయేవారికి అది ఎంత ఆసరానో రోజూ చూస్తున్నాం. ఆ సౌకర్యం వల్లే, "ఊరికే చూసి వద్దాం పదండి" అని వరంగల్ చౌరస్తాకు బయలుదేరడం కూడా తేలికైందని పక్కింటి ఆవిడా నేనూ నవ్వుకుంటుంటాం. ఊరికే చూసి రావడం ఆ రోడ్డులో ఎవరి తరమూ కాదు. పండుగ ఖర్చుకు మేము యూపీఐని వాడం. అనుకున్న మొత్తాన్ని నగదుగా తీసుకుని వెళ్తాం. ఆ మొత్తాన్ని నెలనెలా కూడబెట్టడానికి పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో నెలకు 100 రూపాయల నుంచి వేసుకునే వీలుంది గానీ, దాని గడువు ఐదేళ్లు, మూడేళ్లు దాటితేనే ముందుగా మూసుకోవచ్చు. కాబట్టి ఏటా వచ్చే దసరా కోసం బ్యాంకులో ఏడాది గడువు రికరింగ్ డిపాజిట్ పెట్టుకోవడమే నయం.

కార్డుల సంగతి వేరు. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, డెబిట్, క్రెడిట్ కార్డులను వాడేవారే ఎప్పుడంటే అప్పుడు ఆపుకునే, తెరుచుకునే వీలును, ఏ రకం చెల్లింపుకు ఎంత పరిమితి అన్నది మార్చుకునే వీలును బ్యాంకులు కల్పించాలి. కొత్తగా ఇచ్చే కార్డుకు ఆన్‌లైన్ చెల్లింపు, కార్డును తాకించి చేసే చెల్లింపు మొదట్లో మూసే ఉంటాయి. కావాలంటే మనమే తెరుచుకోవాలి. చాలామంది కార్డు వచ్చిన రోజే అన్నీ తెరిచేసి మరిచిపోతారు. ఆన్‌లైన్ మీటను ఆపి ఉంచి, కొనాలనుకున్నప్పుడు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తెరిచి, కొన్న తరువాత మళ్లీ ఆపడం మొదట విసుగ్గానే ఉంటుంది. ఆ విసుగే దాని విలువ. రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని చూసిన చెప్పుల జత కోసం లేచి కళ్లద్దాలు వెతుక్కుని, బ్యాంకు యాప్ తెరిచి, లాగిన్ అయ్యి, మీట మార్చేంత ఓపిక సాధారణంగా ఉండదు. తెల్లవారాక ఆ చెప్పులు గుర్తు కూడా ఉండవు. అయితే కార్డు ఆపి యూపీఐని అలాగే వదిలేస్తే, ముందు తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తీసి పెట్టినట్లే అవుతుంది, ఎందుకంటే కొనుగోలు యాప్‌లన్నీ ఇప్పుడు యూపీఐనే ముందు చూపిస్తున్నాయి. పైన చెప్పిన రెండో ఖాతా ఏర్పాటు ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

కొనుగోలు యాప్‌ల తీరు గురించి కూడా కొంత చెప్పాలి. "ఇంకా రెండే మిగిలాయి", "మరో పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది" అని అబద్ధంగా తొందరపెట్టడం, అడగని వస్తువునో విరాళాన్నో బుట్టలో చాటుగా చేర్చడం, మొదట తక్కువ ధర చూపించి చివరి తెరలో ఒక్కొక్క రుసుమే కలపడం, చందా తీసుకోవడం సులువు చేసి మానుకోవడం కష్టం చేయడం, వద్దనేవారు సిగ్గుపడేలా మాటలు రాయడం, ఇలాంటి 13 రకాల ఎత్తుగడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకాల్లో నిషేధించింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నిషేధించినంత మాత్రాన అవి మాయమైపోలేదని ఫోను చేతిలో ఉన్నవారందరికీ తెలుసు. నా వరకు నేను, బుట్టలో వేసిన వస్తువును మరునాటి దాకా అలాగే వదిలేసి, అప్పటికీ కావాలనిపిస్తే ఇంటికి వచ్చాక డబ్బు చెల్లించే పద్ధతిలో తెప్పించుకుంటాను. నోట్లు లెక్కపెట్టి ఇవ్వాల్సి వచ్చినప్పుడు వస్తువు ధర మరోలా కనిపిస్తుంది. దానికి అదనపు రుసుము వసూలు చేసే యాప్‌లు కొన్ని ఉన్నాయి, ఆ రుసుము కూడా వద్దనుకోవడానికి మరో కారణమే.

నెలనెలా తమంతట తాముగా కట్ అయ్యే చందాలు చిల్లర ఖర్చుల్లో కంటికి కనిపించనివి. కార్డు మీద పెట్టిన ఇలాంటి అనుమతులకు డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సందేశం పంపాలన్న నిబంధన ఉంది. 15,000 రూపాయల దాకా ప్రతిసారీ ఓటీపీ అక్కరలేదు. ఆ సందేశాన్ని ప్రకటన అనుకుని తోసేయకుండా చదివితే, అందులోనే రద్దు చేసుకునే దారి కూడా ఉంటుంది. యూపీఐ మీద పెట్టినవైతే యాప్‌లోని ఆటోపే విభాగంలో వరుసగా కనిపిస్తాయి. ఒకసారి ఆ జాబితా తెరిచి చూస్తే, ఎవరూ చూడని సినిమా యాప్ ఒకటైనా బయటపడుతుంది.

కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న మా అబ్బాయి విషయంలో యూపీఐ లైట్ కన్నా యూపీఐ సర్కిల్ బాగా కుదిరింది. 2024 ఆగస్టులో వచ్చిన ఈ ఏర్పాటులో, ఒకరి బ్యాంకు ఖాతా నుంచి మరొకరు తమ ఫోనుతో చెల్లించవచ్చు. రెండు పద్ధతులున్నాయి. పూర్తి అనుమతి ఇస్తే నెలకు గరిష్ఠంగా 15,000 రూపాయలు, ఒక్కోసారికి 5,000 రూపాయల లోపు వారంతట వారే చెల్లించుకోవచ్చు; ఆ లోపల మనకు నచ్చిన తక్కువ హద్దు పెట్టుకోవచ్చు. పాక్షిక అనుమతి ఇస్తే ప్రతి చెల్లింపుకూ ఖాతాదారు తన పిన్‌తో ఒప్పుకోవాలి. పాక్షిక అనుమతి మొదట్లో బాగుందనిపించినా, పిల్లవాడు క్యాంటీన్లో ఇడ్లీ ప్లేటు పట్టుకుని నిలబడితే నేను ఇక్కడ పొయ్యి ముందు నుంచి పరుగెత్తి వచ్చి పిన్ కొట్టాల్సి రావడం ఇద్దరికీ చికాకే. అంతకన్నా ముఖ్యంగా, పదిహేడేళ్లు దాటిన పిల్లవాడి ప్రతి చాయ్‌నూ తల్లి చూస్తూ ఉండడం మంచిది కాదని నా అభిప్రాయం. నెలకొక హద్దు పెట్టి వదిలేస్తే, ఆఖరి వారంలో ఎంత మిగుల్చుకోవాలో వాడే నేర్చుకుంటున్నాడు. ఈ సౌకర్యం అన్ని యాప్‌లలోనూ ఒకేలా లేదు. పూర్తి అనుమతి ఇచ్చే యాప్ ఏదో చూసుకుని మొదలుపెట్టాలి.

భద్రత మాటకొస్తే, లైట్ నిల్వకు పిన్ కాపలా లేదు కనుక, తాళం తెరిచి ఉన్న ఫోను పరాయి చేతుల్లో పడితే అందులో ఉన్నంత పోయినట్లే. తక్కువ నింపుకోవాలనడానికి ఇదొక అదనపు కారణం. పొరపాటున ఎక్కువ నింపినా భయం లేదు, ఆ డబ్బును రుసుము లేకుండా తిరిగి బ్యాంకు ఖాతాకు పంపుకోవచ్చు. మా ఇంట్లో ఆదివారం నాడు మిగిలినదాన్ని అలా వెనక్కి పంపాకే కొత్త వారానికి నింపుతాం. లేకపోతే మిగులు కూడా ఖర్చు ఖాతాలోనే కలిసిపోతుంది. నిల్వ ఫోనుకు ముడిపడి ఉంటుంది కనుక, కొత్త ఫోను కొన్నా, పాత ఫోనును మార్పిడికి ఇచ్చినా, యాప్‌ను తీసేయడానికి ముందే లైట్‌ను మూసి డబ్బు ఖాతాలోకి తెచ్చుకోవాలి. ఫోను దుకాణాల్లో పాత ఫోనును చేతిలోకి తీసుకోగానే అందులోని సమాచారమంతా తుడిచేస్తారు కాబట్టి, ఈ పని ఇంట్లోనే పూర్తిచేసుకుని బయలుదేరడం మంచిది.